కొండలేని సీమనుంచి

దీపం ఆరిపోయిందనడం అశుభమని మన ఇళ్ళలో పెద్దలు ‘దీపం కొండెక్కింది’ అంటారు. ముప్పై ఏండ్లకు పూర్వం, నేను క్రొత్తగా ఉద్యోగంలో చేరిన దినాలలో, తరగతిలో ఈ జాతీయాన్ని వివరిస్తూ ఉండగా వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, “ఏ కొండండీ?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. రాజోలు ప్రాంతంనుంచి వచ్చిన పిల్లవాడు. పుట్టిననాటినుంచి ఏటిగట్టును మించిన ఎత్తు చూచి ఎరుగడు. నేను అస్తాద్రిని గురించి, మన కవులు సూర్యుణ్ణి పడమటికొండ చాటుకు పంపే సంప్రదాయాన్ని గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చోబెట్టాను. వాడు కూర్చున్నాడే గాని తృప్తిపడలేదు. నిజానికి ఆనాటికి నేను కూడ ఏ కొండమీదా నిలబడి సూర్యాస్తమయం చూచి ఉండలేదు.

కోనసీమ ద్వీపమే. ఒకప్రక్క గౌతమి, ఒకప్రక్క వసిష్ఠ, నడుమ వైనతేయ, అడుగున సముద్రం. ఎటు పోవలెనన్నా మా తాతలనాడు పడవో పంటో ఎక్కవలసినదే. అయితే ఇది నీరు కన్న ద్వీపం. గోదావరి ఎక్కడెక్కడి కొండలనో అరగదీసి మోసుకొని వచ్చిన ఒండ్రు పేరుకొని ఏర్పడిన నేల. ఆ లెక్కన కొండ మాకు లేకపోలేదు; పొడియై మా కాళ్ళక్రింద ఉన్నది. ఎత్తయినవి చెప్పుమంటే కొబ్బరిచెట్టు, గుడిగోపురం, అంతర్వేది దీపస్తంభం. అంతే. సూర్యుడు మాకు సముద్రంలోనుంచి లేస్తాడు. సాయంకాలం కొబ్బరితోపుల వెనుక ఎప్పుడు జారిపోయాడో తెలియకుండ జారిపోతాడు. ఇక కొండ ఎక్కడమంటారా, అది మొక్కుబడి వ్యవహారం. అన్నవరం, సింహాచలం, తిరుపతి. మెట్లు లెక్కపెట్టుకొంటూ ఎక్కుతాము, దర్శనం చేసుకొంటాము, ప్రసాదం పొట్లం పట్టుకొని దిగుతాము. కొండను మాత్రం చూడము. దిగివచ్చినవాణ్ణి ‘కొండ ఎట్లా ఉన్నది?’ అని అడిగితే ‘రద్దీగా ఉన్నది’ అంటాడు.

అటువంటివాణ్ణి గత సంవత్సరం మే నెలలో మారిషస్ ద్వీపానికి వెళ్ళాను. మా మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. అదీ ఉష్ణమండలపు ద్వీపమే గాని నిప్పు కన్న ద్వీపం. సుమారు ఎనభై లక్షల ఏండ్ల క్రిందట సముద్రగర్భంలోని అగ్నిపర్వతం పైకి ఎగదన్నిన రాతినేల. రాజధాని పోర్ట్ లూయీ వెనుకనే కొండలు బారులు తీరి ఉంటాయి. బొటనవ్రేలు నిలబెట్టినట్టుండే లె పూస్ ఒకటి, ఎత్తు 812 మీటర్లు. నెత్తిమీద పెద్ద గుండు మోస్తూ నిలిచిన పీటర్ బోత్ ఒకటి, 820 మీటర్లు. వాటికి ఇవతల, రేవుకు ఎదురుగా సిగ్నల్ కొండ. దాని ఎత్తు 323 మీటర్లే. సాయంకాలం జనాన్ని వెంటబెట్టుకొని ఆ కొండ ఎక్కించి, సూర్యాస్తమయం చూపించి, చీకటిలో క్షేమంగా దించే గైడులు ఉన్నారనీ, నా వంతు డబ్బు అప్పుడే కట్టివేశాననీ మేనల్లుడు చెప్పినప్పుడు నాకు నచ్చలేదు. పైదాకా బాట ఉన్నదట. బాట కనబడుతూ ఉండగా దారి చూపడానికి ఇంకొక మనిషి ఎందుకు? సూర్యుడు అస్తమించడం చూడడానికి టిక్కెట్టు ఎందుకు? “మామయ్యా, ముందు వెళ్ళి రండి. వచ్చిన తరువాత తిట్టండి” అన్నాడు.

దారిలో నాకు ప్రవరుడు జ్ఞప్తికి వచ్చాడు. మన సాహిత్యంలో గైడు లేకుండ కొండకు పోయి చిక్కుపడిన యాత్రికులలో ఆయనను మించినవాడు లేడు. సిద్ధుడు పాదలేపమైతే ఇచ్చాడు గాని వెంట రాలేదు. మంచుకు పసరు కరగిపోయింది. పసరు కరగిన తరువాత గాని ఆ మహానుభావుడికి దారి ఎవరినైనా అడగవలెనని తోచలేదు. అడగక అడగక వరూధినిని అడిగాడు! పెద్దన ఆ ఘట్టాన్ని నడిపిన తీరు మీ విద్యార్థులందరికీ తెలుసును. నేను ముప్పైసార్లు పాఠం చెప్పి ఉంటాను. ప్రతిసారీ ఆ బ్రాహ్మణుడి నిష్ఠను గురించి చెప్పాను. దారి తెలియనివాడి భయాన్ని గురించి ఒక్కసారీ చెప్పలేదు.

గైడు పాతికేండ్ల యువకుడు. మేము ఎనిమిదిమందిమి. నాలుగున్నరకు బయలుదేరదీశాడు. బయలుదేరకముందే ప్రతివాడి కాలిజోళ్ళు చూచాడు, నీళ్ళసీసాలు చూచాడు, టార్చిలైట్లు వెలిగించి చూపించుమన్నాడు. ఇంకా ఎండ కాస్తూ ఉండగా టార్చిలైట్ల పరీక్ష ఏమిటని ఒక ఐరోపా దొరసాని నవ్వింది. ఉష్ణమండలంలో సంధ్య నిలువదనీ, సూర్యుడు దిగంతం దాటిన అరగంటలో దారి కనబడదనీ అతడు శాంతంగా చెప్పాడు. పొడుగు పగళ్ళూ, గంటలకొద్దీ సాగే సంధ్యలూ ఉన్న దేశాలనుంచి వచ్చినవారికి అది వింత. మనకు తెలిసిన సంగతే. తెలిసికూడ మనము ఏ విహారయాత్రలోనూ టార్చిలైటు పట్టుకొని పోము. అది వేరే మాట.

అతడు నడిపించిన తీరు చెప్పవలె. అందరికంటె నెమ్మదిగా నడిచేవాణ్ణి, అనగా నన్ను, ముందు పెట్టాడు. నా నడకే అందరి నడక అయింది. ఆగవలసిన చోట అలసట పేరు చెప్పి ఆపలేదు. చూడవలసినది ఏదో ఉన్నదని ఆపాడు. ఒకచోట బాటకు రెండువైపులా పెరిగిన పొదలను చూపించి, ఇవి ఈ ద్వీపపు మొక్కలు కావు, తెచ్చి నాటితే కొండనంతా ఆక్రమించాయన్నాడు. చూస్తే మన సుబాబుల్! పొలంగట్ల మీద చూచిన చెట్టును వేల మైళ్ళ అవతల పలకరించినట్టయింది. ఇంకొకచోట తుపానుల మాట వచ్చింది. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుపాను ఆ దీవిని ఎట్లా ఊడ్చివేసిందో తన తండ్రి చెప్పగా విన్నదంతా చెప్పాడు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి మా కోనసీమలో కొబ్బరితోటలు తలలు తెగి నేలకు ఒరిగిన సంగతి నేను చెప్పాను. ఆ రెండు తుపానుల నడుమ మాకు స్నేహం కుదిరింది.

కొండకు సిగ్నల్ కొండ అన్న పేరు ఊరికే రాలేదు. తెరచాపల కాలంలో దూరాన ఓడ కనబడితే ఇక్కడ సంకేతం ఎగురవేసి రేవుకు తెలియజేసేవారు. పైన నిలబడితే ఎందుకో అర్థమవుతుంది. పడమట, వాయవ్యాన అంతా సముద్రం. కాళ్ళక్రింద పట్టణం, గుఱ్ఱపుపందెపు మైదానం, కోట, రేవు. డార్విన్ 1836 మే 2వ తేదీన ప్రక్కనున్న లె పూస్ ఎక్కాడని గైడు చేయి చాచి చూపించాడు. అక్కడ ప్రభుత్వపు పనులు చేస్తున్న భారతీయ ఖైదీలను చూచి, వారి రూపానికీ ఠీవికీ ఆ శాస్త్రజ్ఞుడు విస్తుపోయినట్టు తన యాత్రాగ్రంథంలో వ్రాసుకొన్నాడు. తరువాత రేవు అంచున ఒక పాత రాతికట్టడాన్ని చూపించాడు. అదే ఆప్రవాసీ ఘాట్. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో ముప్పైఆరుగురు కూలీలు కలకత్తానుంచి వచ్చి ఆ దీవిలో దిగారు. ఆ మీద ఇరవయ్యవ శతాబ్ది మొదటి దశాబ్దాలవరకు దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఆ ద్వీపానికి వచ్చారు. 1849లో ఆ రేవులో వారిని దింపుకొనే డిపో కట్టారు. 2006లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు.

ఇదంతా ఇంగ్లీషులో చెప్పి, మిగతావారు ఫోటోలు తీసుకొనే సందడిలో ఉండగా, అతడు నాదగ్గరకు వచ్చి తెలుగులో, “మాస్టారూ, మీరు తెలుగువారాండీ?” అన్నాడు. బడిలో నేర్చుకొన్న తెలుగు. ఒక్కొక్క మాటే తడుముకొని వస్తున్నది. అక్కడ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు బోధిస్తారనీ, ఉగాది ప్రభుత్వపు సెలవుదినమనీ, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగాయనీ మనము చదివిన సంగతులే. (ఉగాది వచ్చేసరికి అక్కడ వేసవి ముగిసి ఆకురాలు కాలం మొదలవుతుంది. వసంతాగమనాన్ని గురించి పద్యం చెప్పవలసిన అక్కడి కవి అవస్థను తలచుకొని జాలిపడ్డాను.) వాళ్ళింట్లో ఏటేటా సింహాద్రి అప్పన్న పూజ చేస్తారట. “అప్పన్న కొండ ఇంత ఎత్తు ఉంటుందాండీ?” అని అడిగాడు. ఇంచుమించు ఇంతే ఉంటుందన్నాను. ఆ జవాబు చెప్పగలిగినందుకు సంతోషించాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలువలేదు.

“మా అమ్మమ్మ మమ్మల్ని కోరంగీలం అనేది. బడిలో తెలుగువాళ్ళం అని చెప్పారు. కోరంగి అంటే ఏమిటండీ? కులమా, ఊరా?”

ఊరు అన్నాను. మా ఊరికి దగ్గరే అన్నాను. అతడి ముఖం వెలిగింది. “ఎలా ఉంటుందండీ?” అన్నాడు.

నేను ఏమి చెప్పగలను? అమలాపురంనుంచి ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, 2002లో కట్టిన వారధి దాటి, యానాం, తాళ్ళరేవు మీదుగా కాకినాడ పోయే బస్సులో వందలసార్లు కోరంగి దాటినవాణ్ణి. ఒక్కసారి దిగలేదు. కోరంగి అంటే మడఅడవుల అభయారణ్యం, 1978 అని పోటీపరీక్షల పిల్లలు బట్టీపట్టడం విన్నాను. ఒకనాడు గొప్ప రేవు అనీ, ఓడలు కట్టేవారనీ, 1789లోనూ 1839లోనూ వచ్చిన ఉప్పెనలు దానిని నాశనం చేశాయనీ పుస్తకజ్ఞానం ఉన్నది. ‘సైక్లోన్’ అన్న మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కోరంగి ఉప్పెననూ, 1845లో మారిషస్ దగ్గర సుడిలో చిక్కిన చార్లెస్ హెడిల్ అనే ఓడ కథనూ రెండింటినీ పరిశీలించినవాడే. ఇవన్నీ తెలుసును. కాని ఎట్లా ఉంటుందంటే? ఏటి వెడల్పు ఎంత, నీటి రంగు ఏమిటి, ఓడ ఎక్కవచ్చిన మనిషి ఎక్కడ నిలబడి ఉంటాడు? బర్మాలో మనవాళ్ళను కోరంగీలన్నారు, మారిషస్‌లో కోరంగీలన్నారు. సముద్రాల అవతల ఒక జాతికి పేరై నిలిచిన ఊరు గంటన్నర ప్రయాణంలో ఉండగా, తెలుగు ఎం.ఏ. చదివి, తెలుగు చెప్పి బ్రతుకుతున్న నేను, ఆ జాతి బిడ్డకు ఆ ఊరి ఆనవాలు ఒక్కటి చెప్పలేక ‘అడవి ఉన్నది, ఏరు ఉన్నది’ అన్నాను. అతడు మర్యాదస్థుడు. తల ఊపి ఊరుకొన్నాడు. దారి తెలిసినవాడు ఎవరో, తెలియనివాడు ఎవరో ఆ క్షణంలో తేలిపోయింది.

ఏనుగుల వీరాస్వామి 1830, 1831 సంవత్సరాలలో చెన్నపట్టణంనుంచి కాశికి పోయి వచ్చాడు. ప్రతి మజిలీ వ్రాశాడు. ఎక్కడ నీళ్ళు మంచివో, ఎక్కడ బియ్యం ధర ఎంతో వ్రాశాడు. 1838లో అది అచ్చయింది. మన యాత్రాసాహిత్యానికి అది మొదటి మెట్టు అని మనము గర్వంగా పాఠం చెబుతాము. సరిగ్గా ఆ దశాబ్దిలోనే గంజాం, విశాఖపట్టణం, రాజమహేంద్రవరం ప్రాంతాల జనం కోరంగి వంటి రేవులలో ఓడ ఎక్కసాగారు. వారి ప్రయాణం కాశీయాత్రకంటె దూరం, తిరిగిరాని ప్రయాణం. వ్రాసేవాడు వారి వెంట లేడు, వ్రాయడం వారికి రాదు. వారి పక్షాన మన పాఠ్యపుస్తకంలో ఉన్నది ఖాళీ పుట. ఆ పుట ఖాళీగా ఉన్నదని విద్యార్థికి చెప్పడం కూడ పాఠమే. అది చెప్పడం నాకు ముప్పై ఏండ్లు పట్టింది.

సూర్యాస్తమయం సంగతి అడుగుతారేమో. అయిదు గంటల నలభై నిమిషాలు దాటగానే అయిపోయింది. తూర్పుతీరంలో పుట్టినవాణ్ణి, సూర్యుడు సముద్రంలో మునగడం నేను అట్లా చూడడం అదే మొదలు. ఒక్క విశేషం చెప్పవలె. మన ఊళ్ళో పడమరకు తిరిగి నిలబడితే శీతకాలపు సూర్యుడు ఎడమనుంచి కుడికి ఏటవాలుగా జారుతాడు. అక్కడ కుడినుంచి ఎడమకు జారాడు. భూమధ్యరేఖకు దక్షిణాన అంతేనని భూగోళం ఉపాధ్యాయులకు తెలిసిన ముక్కే. కాని కన్నులారా చూచినప్పుడు అద్దంలో చూచినట్టు తోచి ఒక్క నిమిషం తబ్బిబ్బు అయ్యాను. దిగేటప్పుడు టార్చిలైట్లు వెలిగాయి. దొరసాని మరి నవ్వలేదు. ఆగ్నేయంగా త్రిశంకువు ఎత్తుగా నిలిచి ఉన్నాడు. మన ఊళ్ళో ఆయన వేసవి రాత్రులలో దక్షిణదిశను కొబ్బరాకుల అంచున ఏదో మూల కనబడి కనబడనట్టుంటాడు. అక్కడ రాజువలె ఉన్నాడు. వెళ్ళినవాళ్ళు ఆయనను గుర్తుపట్టి ఉంటారా అనుకొన్నాను.

ఉపాధ్యాయ మిత్రులతో నేను చెప్పదలచినది ఇక్కడినుంచి ఉన్నది. మనము పిల్లలను ఏటా విహారయాత్రలకు తీసుకొనిపోతున్నాము. రాత్రి బస్సు ఎక్కించి, తెల్లవారేసరికి ఏ కొండప్రాంతానికో చేర్చి, మధ్యాహ్నంలోగా నాలుగు చోట్లు తిప్పి, మళ్ళీ రాత్రికి బస్సు ఎక్కిస్తాము. ఎన్ని స్థలాలు చూపినామన్నది లెక్క. పిల్లలకు బస్సులో పాడిన పాటలు జ్ఞాపకముంటాయి. నేను కూడ ఇట్లాంటి యాత్రలు పది పన్నెండు నడిపినవాణ్ణే గనుక ఇది ఎవరిమీదా నింద కాదు. నేను అడిగేది ఒక్కటే: వెంట దారి తెలిసినవాడు ఉన్నాడా? ఈ చెట్టు ఎక్కడిది, ఈ రాయి ఏనాటిది, ఈ రేవులో ఎవరు దిగారు, ఎవరు ఎక్కారు అని చెప్పగలవాడు, నెమ్మదిగా నడిచే పిల్లవాణ్ణి ముందు పెట్టి నడిపించగలవాడు ఉన్నాడా? గైడు అంటే మనకు గుడి ముందర చొక్కా పట్టుకొని లాగే మనిషి, లేకపోతే పరీక్షకు ముందురోజు కొనే పుస్తకం. రెండూ కాని గైడు ఒకడున్నాడని నేను యాభై దాటిన తరువాత డబ్బు ఇచ్చి నేర్చుకొన్నాను.

ఈ మాట మా కళాశాలలో ఒక సహాధ్యాపకునితో అంటే ఆయన తేలికగా కొట్టివేశాడు. “కోరంగిలో ఏమున్నదండీ, బురద. మన పిల్లలు పుట్టిందే బురదలో. వాళ్ళకు కావలసింది కొండ” అన్నాడు. ఆయన మాటలో నిజం ఉన్నది, దానిని నేను కాదనను. చదునైన నేలమీద పుట్టిన పిల్లవాడికి ఎత్తు కావలె. తన ఊరినీ ఏటినీ సముద్రాన్నీ ఒక్క చూపులో చూడగల చోటు ఒకటి కావలె. అది లేకపోవడం లోపమే. ఆ సిగ్నల్ కొండ ఎక్కకపోతే నాకు కోరంగి కనబడేది కాదు. కాబట్టి పిల్లలను కొండకు తీసుకొనిపోవద్దని నేను అనడంలేదు. తీసుకొనిపోండి, ఒక్క కొండకే తీసుకొనిపోండి, నడిపించి ఎక్కించండి, చీకటి పడేదాకా ఉంచండి. కాని ఎక్కినవాడిని అక్కడ ఎవరైనా ‘మీ ఊరు ఎలా ఉంటుంది’ అని అడిగితే చెప్పగలగాలి. ఆ పాఠం మాత్రం ఇంటిదగ్గర జరగవలె. దానికి గైడును ఎక్కడినుంచో తేలేము, మనమే కావలె. అందుకు ముందు మనము బస్సు దిగవలె.

నేను దిగాను. తిరిగివచ్చిన తరువాత నాలుగు ఆదివారాలు ఒక్కణ్ణే పోయి, ముసలి పల్లెకారులను అడిగి, ఏటివెంట తిరిగి, ఆపైన డిసెంబరులో ఇరవైముగ్గురు విద్యార్థులను తీసుకొనిపోయాను. భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడు కూడ వచ్చాడు. ఆ యాత్ర గొప్పగా జరిగిందని చెప్పను. మడచెట్ల మధ్య దోమలు పీకాయి. సగంమంది ఫోటోలలో మునిగారు. రేవు ఏదండీ అంటే చూపడానికి రేవు లేదు, ఒండ్రు మేటవేసింది. సాయంకాలం ఏటి ఒడ్డున నిలబడి, ఇక్కడినుంచి వెళ్ళినవారి సంగతి నాకు తెలిసినంత చెప్పాను. కొందరు విన్నారు. ఒక అమ్మాయి, కొత్తపేట వైపు పిల్ల, “వాళ్ళకి ఓడమీదనుంచి మన ఊరు ఎంతసేపు కనబడి ఉంటుందండీ?” అని అడిగింది.

నాకు తెలియదు. మా మిత్రుడు మాత్రం చేతి గడియారం తీసి జేబులో వేసుకొని నేలమీద పుల్లతో గీశాడు. భూమి గుండ్రన గనుక ఎత్తైన వస్తువు దూరంనుంచి కనబడుతుంది, పొట్టిది తొందరగా మునుగుతుంది. ఓడమీద మనిషి కన్ను నీటికి అయిదు మీటర్ల పైన ఉన్నదనుకొంటే, ఇరవై మీటర్ల కొబ్బరిచెట్టు తల పాతిక కిలోమీటర్లు పోయేలోపల నీళ్ళలో కలిసిపోతుంది. ఎనిమిది వందల మీటర్ల కొండ నూరు కిలోమీటర్ల దూరంనుంచే తల ఎత్తుతుంది. గాలి బాగుంటే ఒక్క పూటలో మన తీరం మాయమవుతుంది అన్నాడు. ఆ తరువాత వారాల తరబడి నీళ్ళే. ఆపైన ఒకనాడు, ఇంకా ఒక రోజు ప్రయాణం ఉండగానే, ఎన్నడూ చూడని కొండలు.

ఆ పిల్ల అంకెలు నోటుపుస్తకంలో వ్రాసుకొన్నది. అంతలో పొద్దు వాలింది. రోడ్డుమీద బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. బస్సుదాకా ఇంకా అర కిలోమీటరు నడక ఉన్నది, దారి అప్పుడే కనబడడంలేదు. ఈసారి టార్చిలైట్లు తెచ్చుకొన్నాము. అందరికంటె నెమ్మదిగా నడిచే పిల్లవాణ్ణి ముందు పెట్టి బయలుదేరాము.